నెల్లూరు మలై కాజా: రెండు రోజుల సరుకు, వారం రోజుల అబద్ధం

ముందే చెప్పేస్తాను, పూర్తిగా చదివే ఓపిక లేనివాళ్ళు ఈ పేరాతో సరిపెట్టుకోవచ్చు. నెల్లూరు మలై కాజా, అంటే పాకంలో ఊరిన కాజా మధ్యలో కోవా పెట్టిన మా ఊరి స్వీటు, చేసిన రోజు తినాలి, మర్నాడు తిన్నా పరవాలేదు, మూడో రోజు నుంచి అది పేరుకే మలై కాజా. రుచికి 5కి నాలుగున్నర ఇస్తాను. నిల్వకి 1. ఆ ఒకటి చూసి ఎవరూ కొనడం మానెయ్యొద్దు. ఎక్కువ రోజులు ఉండకపోవడం ఈ స్వీటు తప్పు కాదు, ఉంటుందని చెప్పి అమ్మేవాళ్ళతోనే నా పేచీ అంతా.

షాపుల పేర్లు రాయడం లేదు. మెచ్చుకున్న షాపు పేరు రాస్తే డబ్బులు తీసుకుని రాశావంటారు, తిట్టిన షాపు పేరు రాస్తే రేపు అదే రోడ్డు మీద కూరగాయలకి పోవాల్సింది నేనే. ట్రంకు రోడ్డు, మద్రాసు బస్టాండు, మాగుంట లేఅవుట్, ఈ మూడు వైపులా ఉన్న కొట్లలో ఏళ్ళ తరబడి కొంటున్నాను కాబట్టి ఈ సరుకు ఎలా ఉండాలో, ఎలా చూసి కొనాలో నాకు తెలిసినంత రాస్తున్నా.

వేరే జిల్లాల వాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. కాజా అనగానే చాలామందికి తాపేశ్వరం మడత కాజానో, కాకినాడ గొట్టం కాజానో గుర్తొస్తుంది. వాటిలో మైదా, నూనో నెయ్యో, పంచదార పాకం, ప్రధానంగా అంతే. కోవా ఉండదు. చిక్కటి పాకంలో ఉన్న పంచదార నీటిని తన దగ్గరే పట్టి ఉంచుకుంటుంది, సూక్ష్మజీవులు పెరగడానికి కావాల్సిన నీరు వాటికి దొరకదు, అందుకని ఆ కాజాలు మూత పెట్టి ఉంచితే రోజుల తరబడి ఉంటాయి, బస్సులోనైనా రైల్లోనైనా ఎంత దూరమైనా పోతాయి. పేరులో కాజా ఉంది కదా అని మన మలై కాజాకి కూడా అదే లెక్క వేసేస్తారు. దీని కడుపులో కోవా ఉంది. పాలు మరిగించి మరిగించి ఐదో వంతుకి దింపిన కోవాలో కొవ్వుంది, పాల ప్రొటీన్ ఉంది, చేతికి తెలిసేంత తేమ ఉంది. చుట్టూ ఎంత పాకం ఉన్నా లోపలి కోవా కోవాయే. మే నెలలో మా ఊళ్ళో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పైగా సముద్రం దగ్గర కాబట్టి ఉక్కపోత. బల్ల మీద పెట్టిన పాలకోవా ముక్క ఎంతసేపుంటుందో ఆలోచించుకోండి, ఇదీ దాదాపు అంతే.

మంచి మలై కాజా ఎలా ఉంటుందంటే, చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంటుంది, కానీ పాకం వేళ్ళ మీద నుంచి మణికట్టు దాకా కారదు. పైపొర ముదురు బంగారు రంగులో ఉండి, కొరికినప్పుడు మొదటి పొర కొంచెం ఎదురు తిరిగి, ఆ తర్వాత పొరలన్నీ పాకంతో సహా లొంగిపోతాయి. మధ్యలో కోవా తగులుతుంది, చల్లగా, తీపి తక్కువగా. ఈ తీపి తక్కువ అన్నదే కీలకం. బయట పాకం ఎలాగూ తియ్యగానే ఉంటుంది, లోపల కోవా కూడా పంచదార ముద్దలా ఉంటే ఒకటి తినేసరికి మొహం మొత్తుతుంది. బాగా చేసినది అయితే రెండు తిని మూడో దాని వైపు చూస్తాం. కొన్ని చోట్ల కోవాని లోపల పెట్టి మూసేస్తారు, కొన్ని చోట్ల కాజాని చీల్చి మధ్యలో కూరి పైన ఇంకాస్త కోవా పొడి చల్లుతారు. నాకు చీల్చి పెట్టినదే ఇష్టం, కోవా ఎంత పెట్టాడో కంటికి కనిపిస్తుంది కాబట్టి. మూసి పెట్టినది కొరికితే గానీ వాడి ధర్మం తెలియదు.

ఇక కౌంటర్ దగ్గర జరిగే సంభాషణకి వద్దాం. మనవాళ్ళు స్వీట్ షాపులోకి వెళ్ళగానే అడిగే మొదటి మాట రుచి గురించి కాదు, నెయ్యా డాల్డానా అని కూడా కాదు. "నిల్వ ఉంటాయా?" అని. నేనూ ఆ మాట వింటూ పెరిగినదాన్నే, దాని వెనక ఉన్న అలవాటు నాకు తెలుసు. ఎండాకాలం రాగానే ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టుకుని, మిద్దె మీద వడియాలు ఎండబెట్టుకుని, బియ్యం కూడా పాతవైతేనే గొప్ప అనుకునే ఇళ్ళు మనవి. చేపల పులుసునైతే ఈ పూట దించి రేపు తింటాం, చింతపండు పులుపు ముక్కకి పట్టి మర్నాటికే దాని అసలు రుచి తేలుతుంది, నెల్లూరులో అది అందరికీ తెలిసిన సంగతే. అందుకని నిల్వ ఉండేది మంచిది, ఉండనిది నాసి అని మన బుర్రలో ఎక్కడో పడిపోయింది. ఆ తూకం తెచ్చి మలై కాజా మీద పెడతాం.

షాపువాడు ఏం చేస్తాడు? అడిగినవాళ్ళకి కావాల్సిన జవాబే ఇస్తాడు.

"ఎన్ని రోజులుంటాయన్నా?"

"వారం ఉంటాయక్కా, ఏం కాదు."

"ఫ్రిజ్‌లో పెట్టకుండానా?"

"ఫ్రిజ్ ఎందుకక్కా, పాకంలో ఊరి ఉండాయి కదా, బో బాగుంటాయి."

ఈ రెండో జవాబు వినగానే ఆ కొట్లోంచి బయటికి వచ్చెయ్యాలి, నా లెక్కలో. వాడు చెప్పింది కాకినాడ కాజాకి వర్తిస్తుంది, వాడు అమ్ముతున్నది కోవా.

దీనికి రూల్స్ లేవా అంటే ఉన్నాయి. 2020 అక్టోబరు 1 నుంచి, విడిగా అమ్మే స్వీట్లకి కూడా ఎప్పటిలోగా తింటే బాగుంటుందో ఆ తేదీని, అంటే బెస్ట్ బిఫోర్‌ని, ట్రే దగ్గర కనిపించేలా పెట్టాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ, అంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ, తప్పనిసరి చేసింది. ఎప్పుడు తయారు చేశారో రాయడం మాత్రం షాపువాళ్ళ ఇష్టానికి వదిలేసింది. అక్కడే చిక్కొచ్చి పడింది. నేను చూసిన ఒక షాపులో, మంచి ఏసీ షాపే, గాజు అద్దం వెనక ట్రేకి తగిలించిన చీటీ మీద "బెస్ట్ బిఫోర్ 3 డేస్" అని ప్రింటు చేసి ఉంది. ఎప్పటి నుంచి 3 రోజులు? కొన్న దగ్గర నుంచా, చేసిన దగ్గర నుంచా, ఆ చీటీ ప్రింటు చేయించిన దగ్గర నుంచా? ఆ ప్లాస్టిక్ చీటీ అంచులు పసుపురంగులోకి తిరిగి ఉన్నాయి, అంటే మూడు రోజుల గడువు నెలల తరబడి అక్కడే వేలాడుతోంది. అడిగితే కౌంటర్ అబ్బాయి "ఈరోజు నుంచి మూడు రోజులక్కా" అన్నాడు. రేపు అడిగినా అదే చెప్తాడు, వాడిని తప్పు పట్టలేం, వాడికి చెప్పిందే అది.

ఇంకో గందరగోళం కూడా ఉంది. బెస్ట్ బిఫోర్ వేరు, ఎక్స్‌పైరీ లేదా యూజ్ బై వేరు. మొదటిది నాణ్యత గురించి, చెప్పిన విధంగా దాస్తే ఆ తేదీ దాకా రుచి, వాసన, మెత్తదనం ఉండాల్సినట్టు ఉంటాయి, దాటితే తగ్గొచ్చు, తినడానికి పనికి రాదని అర్థం కాదు. రెండోది దాటితే అమ్మకూడదు, తినకూడదు. 2020లోనే వచ్చిన లేబులింగ్ నిబంధనల్లో ప్యాకెట్ సరుకుకి ఎక్స్‌పైరీ తేదీ తప్పనిసరి, బెస్ట్ బిఫోర్ అదనంగా రాసుకుంటే రాసుకోవచ్చు. విడి స్వీట్ల దగ్గర మాత్రం మనం చూసేది బెస్ట్ బిఫోర్ ఒక్కటే. బిస్కెట్ ప్యాకెట్ విషయంలో ఈ రెండింటి మధ్య తేడా నెలల్లో ఉండొచ్చు, తేదీ దాటిన బిస్కెట్ మెత్తబడిందని తిట్టుకుంటూ టీలో ముంచుకుని తినేస్తాం. కోవాకి ఆ రెంటి మధ్య పెద్ద ఖాళీ లేదు. అందుకని "బెస్ట్ బిఫోరే కదక్కా, ఎక్స్‌పైరీ కాదు కదా" అనే తెలివి కోవా స్వీట్ల దగ్గర పనికిరాదు. నాతో ఆ మాట అన్న కౌంటర్ ఒకటుంది.

ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళే పాల మిఠాయిలకి ఒక గైడెన్స్ నోట్ ఇచ్చారు, అందులో కలాకండ్ రకాలకి ఒక్క రోజు, బాదం పాలు, రసగుల్లా లాంటి వాటికి 2 రోజులు, కోవా స్వీట్లకి 4 రోజులు, నెయ్యి, డ్రై ఫ్రూట్స్‌తో చేసిన వాటికి 7 రోజులు, శనగపిండి లడ్డు లాంటి వాటికి 30 రోజులు అని అంచనాగా చెప్పారు. మన మలై కాజాని కోవా స్వీట్ల లెక్కలో వేసుకున్నా 4 రోజులు. అదీ శుభ్రంగా చేసి, సరిగ్గా దాచితే. వారం అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కౌంటర్ దగ్గర కూర్చున్నాయన్నే అడగాలి. నేను రెండు రోజులు అనడం నా నాలుక లెక్క, చెడిపోకపోయినా అప్పటికి రుచి దిగిపోతుంది.

చెడిపోవడంలో కూడా రకాలున్నాయి, వాటిని గుర్తు పట్టడానికి మనింట్లో పెద్దవాళ్ళకి ఏ చీటీ అక్కర్లేదు. పులిసింది, ముక్కింది, బూజు పట్టింది, పాచిపోయింది అని ముక్కు దగ్గర పెట్టుకుని తేల్చేస్తారు. మలై కాజా దగ్గర మీరు పట్టుకోవాల్సినవి ముఖ్యంగా రెండు. ఒకటి పులుపు, ఇది కోవా వల్ల వస్తుంది. రెండోది ముక్కిన వాసన, ఇది కాజా వేయించిన నూనె పాతదైతేనో, వేయించిన సరుకు గాలి తగిలేలా రోజులు నిలవుంటేనో వస్తుంది, కొవ్వు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పాడవడమే అది. ఒక షాపులో తెచ్చిన బాక్సు ఇంటికొచ్చి తెరిస్తే పుల్లటి వాసన కొట్టింది, తిరిగి పట్టుకెళ్తే "పాకంలో నిమ్మకాయ పిండుతారక్కా, దాని వాసన" అన్నారు. పాకంలో నిమ్మకాయ పిండే మాట నిజమే, పంచదార గడ్డకట్టి పలుకులు తేలకుండా పిండుతారు. కానీ నాలుగు చుక్కల నిమ్మరసం మూత తియ్యగానే ముక్కుకి తగలదు. నాలుక కన్నా ముందు ముక్కుకి తెలిసిందంటే అది కోవా పులుపే. వాదించాక బాక్సు మార్చి ఇచ్చారు, అదే ట్రేలోంచి! నేను డబ్బులు వెనక్కి అడిగి తెచ్చుకున్నా, ఇచ్చేటప్పుడు వాళ్ళ మొహాలు చూడాల్సింది.

"కాస్త వేడి చేసుకుంటే పోతుందిలే" అనేవాళ్ళ కోసం ఒక మాట. కోవా స్వీట్లు ఎక్కువ మంది చేతులు పడేవి, కూరేటప్పుడు, సర్దేటప్పుడు, బాక్సులో పెట్టేటప్పుడు. మన చేతుల మీద, ముక్కులో ఉండే స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా అలా చేరి, గది వేడిలో పెరిగి విషాన్ని వదులుతుంది. మళ్ళీ వేడి చేస్తే బాక్టీరియా చావొచ్చు గానీ అది వదిలిన విషం అంత తేలిగ్గా పోదు, తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. పైగా దీనికి పులుపు వాసన కూడా ఉండకపోవచ్చు. కాబట్టి గ్లౌజులు, పటకారు లేకుండా చేత్తో తీసి పెట్టే కౌంటర్ దగ్గర నేను కొనను, ఎంత పేరున్న షాపైనా. డబ్బులు తీసుకున్న చేత్తోనే కాజా పట్టుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఇప్పుడు మెచ్చుకోవాల్సిన కొట్టు గురించి. చిన్నది, బోర్డు కూడా సగం చెట్టు కొమ్మ వెనక దాక్కుని ఉంటుంది, ఏసీ లేదు, స్వీట్లు పది పన్నెండు రకాలకి మించవు. అక్కడ నిల్వ ఉంటాయా అని మీరు అడగక ముందే కౌంటర్‌లో ఉన్న పెద్దాయన మిమ్మల్ని అడుగుతాడు, "ఎప్పుడు తింటారమ్మా?" అని. ఈరోజే అంటే ట్రేలోంచి తీస్తాడు, రేపంటే ఫ్రిజ్‌లో పెట్టుకోమని రెండుసార్లు చెప్తాడు. ఒకసారి ఒకాయన గురువారం వచ్చి ఆదివారం నిశ్చితార్థానికి మూడు కిలోలు కట్టమన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు, "ఆదివారం పొద్దున్నే వచ్చి తీసుకుపోండి, లేకుంటే లడ్లు తీసుకోండి, ఇవి మటుకు ఇప్పుడు కట్టను" అన్నాడు. వచ్చినాయనకి కోపం వచ్చి పక్క కొట్టుకి వెళ్ళాడు. పక్క కొట్టువాడు నవ్వుతూ కట్టిచ్చాడు, అదీ చూశాను. ఈ కొట్లో ట్రే ముందు పలక ముక్క ఒకటి ఉంటుంది, దాని మీద సుద్దతో ఆరోజు తేదీ రాసి ఉంటుంది, చేసింది ఎప్పుడు, తినాల్సింది ఎప్పటిలోగా అని రెండూ. చేసిన తేదీ రాయమని ఎవరూ బలవంతం చెయ్యలేదు కదా, రాశాడు. అందుకే నా డబ్బులు అక్కడికే పోతాయి. రుచిలో కూడా ఊళ్ళో మొదటి రెండింటిలో ఒకటి. లోపాలు లేవని కాదు, యూపీఐ పనిచేసేది వాళ్ళ ఫోన్ దయ మీద, పండగ రోజుల్లో లైను అనేది ఉండదు, తోసుకోవాల్సిందే, పెద్దాయన లేని పూట ఉండే కుర్రాడు కసురుకుంటాడు.

పెద్ద ఏసీ షాపుల్లో మంచివి లేవా అంటే ఉన్నాయి. సరుకు వేగంగా తిరిగే షాపులో పాతది మిగిలే అవకాశం తక్కువ, అది నిజం. కానీ అక్కడ ఒక మార్పు గమనిస్తున్నా, నాకు మాత్రమే అనిపిస్తోందా మీకూ అనిపిస్తోందా చెప్పండి. కాజా గట్టిపడుతోంది, పాకం ముదురుతోంది, కోవా తగ్గుతోంది. ఉన్న కోవాలో కూడా పాల కమ్మదనం బదులు పాలపొడి, పంచదార రుచి వస్తోంది. నా అనుమానం, ఇదంతా పార్శిళ్ళ కోసమే. అందరూ హైదరాబాదుకి, బెంగళూరుకి కట్టించుకుంటున్నారు, అందరూ నిల్వ ఉండాలంటున్నారు, మాస్టర్ కూడా ఎక్కువ రోజులుండేలా చేస్తున్నాడు. ఇంకో పదేళ్ళు ఇలాగే అడుగుతూ పోతే నెల రోజులుండే మలై కాజా కూడా వస్తుంది, అందులో మలై ఒక్కటే ఉండదు.

కోవాలో పిండి కలిపారన్న అనుమానం ఉంటే మందుల షాపులో దొరికే టించర్ అయోడిన్ చుక్క వేసి చూడొచ్చు, పిండి ఉంటే నీలం రంగు వస్తుంది. అయితే ఇక్కడ జాగ్రత్త, కాజా మైదాతో చేసింది కదా, పొర తగిలిన కోవా మీద వేస్తే ఎలాగూ నీలమే వస్తుంది, అది చూసి షాపువాడి మీదకి యుద్ధానికి పోవద్దు. మధ్యలోంచి కోవా మాత్రం స్పూన్‌తో తీసి, విడిగా చూడాలి. చుక్క వేసినది తినకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఫ్రిజ్ సంగతి. పెట్టాలి, ముఖ్యంగా ఎండాకాలంలో. కానీ షాపు ఇచ్చిన అట్టపెట్టెతో సహా పెట్టొద్దు, అట్ట ఫ్రిజ్‌లో ఉన్న వాసనలన్నీ పీల్చుకుంటుంది, మర్నాటికి మీ కాజా నిన్నటి చేపల పులుసు కబుర్లు చెప్తుంది. గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలోకి మార్చండి. చల్లదనానికి పొరలు బిగుసుకుపోతాయి, వేయించిన నెయ్యి గానీ డాల్డా గానీ గడ్డకట్టి నాలుకకి మైనంలా అంటుకుంటుంది, మైదా కూడా చలిలో త్వరగా బిరుసెక్కుతుంది. అందుకని తినే ముందు ఓ అరగంట బయట పెట్టుకుంటే చాలావరకు దారికొస్తుంది. మైక్రోవేవ్ అయితే పది సెకన్లు, అంతకు మించితే కోవా కారిపోయి పాకం నాలుక కాలుస్తుంది. డీప్ ఫ్రీజర్‌లో పెడితే కోవా ఇసుక ఇసుకగా అయిపోతుంది, ఆ ప్రయోగం మా ఇంట్లో జరిగిపోయింది, మీరు చెయ్యనక్కర్లేదు.

పార్శిల్ గురించి, ఎందుకంటే అందరూ అడిగేది ఇదే. చెన్నైకి, ఒంగోలుకి, తిరుపతికి అయితే నిక్షేపంగా తీసుకుపోవచ్చు, ఆ పూటకి చేరిపోతారు. హైదరాబాదుకి అయితే సాయంత్రం కొని రాత్రికి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, తెల్లారేసరికి సికింద్రాబాదు, ఆ పూటే పంచిపెట్టెయ్యండి. "వచ్చే వారం మామయ్య వాళ్ళు వస్తారు, దాచిపెట్టు" అనేవాళ్ళ మాట వినొద్దు. కొరియర్‌లో మటుకు వద్దు, ఎండలో నిలబడే వ్యానులో మూసిన ప్లాస్టిక్ డబ్బా లోపల చెమట పట్టి, ఆ నీరు కోవా మీదే పడుతుంది. అమెరికా మాట ఎత్తొద్దు. అక్కడికి పంపాలంటే వేరే స్వీట్లు లేవా, ఒంగోలు అల్లూరయ్య మైసూర్ పాక్ ఉంది, 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న బందరు లడ్డు ఉంది, ఇంట్లో చేసుకునే సున్నుండలు, అరిసెలు ఉన్నాయి. అవి ప్రయాణానికి తట్టుకునేవి. నెల్లూరు నుంచి నెల్లూరు స్వీటే పంపాలన్న పట్టుదల ఉంటే, ఆ మనిషినే నెల్లూరు రమ్మనండి.

రేటు షాపుకీ షాపుకీ తేడా ఉంది, నాలుగు రోజుల్లో మారిపోయే అంకెలు ఇక్కడ రాయను. తూకం దగ్గర మాత్రం కళ్ళు పెట్టుకోండి. ఖాళీ అట్టపెట్టెని ముందు తూకం మీద పెట్టి సున్నా చేసి, ఆ తర్వాత స్వీటు పెట్టాలి, పెట్టె బరువుకి స్వీటు రేటు వసూలు చెయ్యడం తూనికలు కొలతల చట్టం ఒప్పుకోదు. బరువైన పెట్టెలు ఎందుకు ఇస్తారో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. ఇంకోటి, మలై కాజాకి ప్రత్యేకం, గరిటెడు పాకం ఉచితంగా పోస్తున్నట్టు పోసి తూస్తారు. పాకం బరువే ఎక్కువ. వడకట్టి తూయమనండి, కావాలంటే పైన పాకం తర్వాత పోయించుకోండి. ఆ పెద్దాయన అడక్కుండానే వడకడతాడు.

షాపు గోడ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉండాలి, 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. సరుకు నిజంగా చెడిపోయి, డబ్బులు కూడా వెనక్కి ఇవ్వం అని వాళ్ళంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ హెల్ప్‌లైన్ 1800112100కి ఫోన్ చెయ్యొచ్చు. ఫోటో, బిల్లు ఉంచుకోండి. బిల్లు ఇవ్వని షాపులో ఏమీ చెయ్యలేం, నాతో జరిగిన గొడవలో నన్ను గట్టెక్కించింది ఆ బిల్లు ముక్కే.

దీపావళి వారంలో మలై కాజా కొనొద్దని నా సలహా, ఏ షాపులోనైనా. ఆ రోజుల్లో ఆర్డర్లు తట్టుకోవడానికి ముందు నుంచే చేసి పెట్టుకుంటారు, మంచి కొట్లో కూడా ఆ వారం మాట మీద నిలబడటం కష్టం. మామూలు రోజుల్లో అయితే పొద్దున్నే కాకుండా సాయంత్రం ఐదు దాటాక వెళ్ళండి, నేను కొనే చోట రెండో వాయి ట్రే అప్పుడే బయటికి వస్తుంది. పొద్దున పదింటికి అద్దం వెనక నిండుగా కనిపించే ట్రే చాలా చోట్ల నిన్నటిదే. అరకిలో చాలు, ఇంట్లో నలుగురుంటే.